క్లీనరు సీటు

"ఈ బండి నన్ను నమ్మడం లేదు ఉస్తాద్" అన్నాడు పెంచలయ్య.

అని, చేతిలోని తాళాన్ని ఉస్తాద్ కూర్చున్న మంచం మీదికి విసిరేశాడు. తాళమంటే మనం ఎరిగిన తాళం కాదు. నల్లగా, అరిగిపోయిన సబ్బుబిళ్ళంత ఉంది. జేబులో పెట్టుకుని దగ్గరికి పోతే చాలంట, బండే మనల్ని గుర్తుపట్టి తలుపు తెరుస్తుందంట. గుర్తుపట్టడం వచ్చిన బండికి నమ్మడం ఎందుకు రాలేదో నాకర్థం కాలేదు గానీ, వాడి మొహం చూసి ఆ మాట పైకి అనలేదు.

ఉస్తాద్ అంటే మా కాలేషా ఉస్తాద్. ఆ రోజుల్లో గూడూరు లారీ స్టాండులో స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆయన బండిలో క్లీనర్లుగా చేసి పైకొచ్చినవాళ్ళే. నేనూ అంతే, పెంచలా అంతే. నాకు నడుం పోయింది. లారీ మానేసి స్టాండు పక్కనే స్పేర్ పార్ట్స్ అంగడి పెట్టుకున్నాను. ఆదివారం అంగడి మూసేసి ఉస్తాద్ ఇంటికి పోయి కూర్చోవడం అలవాటు. ఆయన మాట్లాడేది తక్కువ, మనచేత మాట్లాడించేది ఇంకా తక్కువ. అయినా పోతాను. ఆయన పక్కన కూర్చున్నంతసేపు నాకు ఇరవై ఏళ్ళే అనిపిస్తుంది.

ఉస్తాద్ సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. తాళం వైపు ఒకసారి చూశాడు, పెంచల వైపు ఒకసారి చూశాడు.

"కూర్చో అబ్బయ్యా. ఏమయింది?"

వాడు కూర్చోలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ మొదలుపెట్టాడు.

"మా డాక్టరమ్మ కొత్త కారు కొనింది గదా, దాంట్లో అన్నీ కంపెనీ వాళ్ళే పెట్టినారంట. ముందద్దం మీద ఒక కెమెరా. మూతి కాడ ఇంకేదో యంత్రం. తెల్లగీత తొక్కితే కుయ్యిమంటుంది, చేతిలో స్టీరింగు వణుకుతుంది. పక్కన మోటారుసైకిలొస్తే అద్దంలో దీపం. ముందు బండికి దగ్గరగా పోతే మళ్ళీ కుయ్యి. రెప్ప కాస్త బరువుగా పడిందనుకో, కాఫీ కప్పు బొమ్మేసి చూపిస్తుంది. కాఫీ! నేను ఎప్పుడన్నా కాఫీ తాగినానా ఉస్తాద్?"

"లేదు" అన్నాడు ఉస్తాద్. పాపం, నవ్వకుండానే అన్నాడు.

"పోనీలే అని ఓర్చుకున్నా. మొన్నొక రోజు మనుబోలు దాటినాక మలుపుంది చూడు, అక్కడ రోడ్డు పక్కన ఒక లారీ ఆగుండాది. దాని దోవన అది ఆగుంది, నా దోవన నేను పోతుండా. ఈ మహాతల్లికి ఏమనిపించిందో, ఆ లారీ నా ఎదురుగా ఉందనుకుని దానంతటదే బ్రేకేసింది ఉస్తాద్! నా కాలు బ్రేకు మీద లేనే లేదు. వెనక సీట్లో డాక్టరమ్మ చేతిలో ఫోను ఎగిరి ముందుకొచ్చి పడింది. వెనకొచ్చే లారీ వాడు గుద్దబోయి, పక్కకి కోసి, నా పక్కన ఆపి..."

అక్కడ వాడు తిరగడం మానేసి నిలబడ్డాడు.

"ఆపి, ఏమన్నాడో తెలుసా? 'ఏం ముసలోడా, నిద్రపోతుండావా?' అన్నాడు. నన్ను! ఒక లారీ డ్రైవరు! డాక్టరమ్మ ముందర!"

ఇదీ అసలు సంగతి. బ్రేకు గురించి కాదు వాడి బాధంతా. ఏ మాట అయినా పడతాడు గానీ, లారీవాడి నోటి నుంచి ఆ మాట పడలేడు. నేనైనా పడలేను, అబద్ధమెందుకు.

ఆ మర్నాటి నుంచి పెంచల ఒక పని మొదలుపెట్టాడు. పొద్దున బండి స్టార్ట్ చేయగానే ముందున్న తెరలో ఎక్కడెక్కడో వెతికి, ఆ హెచ్చరికలన్నీ ఒక్కొక్కటిగా ఆపేసేవాడు. బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే అన్నీ లేచి కూర్చునేవి, మళ్ళీ ఆపేవాడు. తెర మూలన పసుపుపచ్చ గుర్తు ఒకటి మిగిలిపోయింది. దాన్ని ఆర్పడం వాడికి చేతకాలేదు. డాక్టరమ్మ దాన్ని చూసింది.

"ఆమె కోప్పడిందా?" అన్నాను.

"కోప్పడితే బాగుండును గదరా వెంగా! చల్లగా చెప్పింది. 'పెంచలయ్యగారూ, మీరు బాగా నడుపుతారు, నాకు తెలుసు. కానీ అవి ఆపేసిన బండిలో నేను కూర్చోను. అవి పెట్టుకుని నడపగలిగితే సోమవారం రండి. లేదంటే తాళం వాచ్‌మన్‌కిచ్చి వెళ్ళండి. నాకు మీ మీద ఏ కోపమూ లేదు' అనింది. ఇంక చెప్పేదానికేముంది? సాయంత్రం పోయి ఇచ్చేస్తుండా. నాకు నేర్పింది మీరు. మీకు చెప్పకుండా స్టీరింగు వదలకూడదని వచ్చినా."

వీడు స్టీరింగు వదిలితే ఏమవుతాడో నేను ఒకసారి చూశాను. లారీ ఓనరు బండ్లు అమ్ముకున్నాక ఏడాదికి పైగా ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఏడాది వీడు మనిషిలో లేడు. బస్సు హారను వినపడితే చాలు, గుమ్మంలోకొచ్చి నిలబడేవాడు. అరవైకి దగ్గర పడ్డవాడికి బండి ఎవరిస్తారు? పిల్లల డాక్టరమ్మ ఇచ్చింది. ఆమె క్యాంపులకని నాయుడుపేట, వెంకటగిరి, నెల్లూరు తిరుగుతుంటే వీడి ఒంటికి మళ్ళీ ప్రాణం వచ్చింది. ఇప్పుడు అదీ పోతే ఇక మళ్ళీ రాదు. ఆ సంగతి వాడికీ తెలుసు. తెలిసే ఆ తాళం విసిరాడు, రోషం అట్టాంటిది.

ఉస్తాద్ ఏదైనా అంటాడని చూశాను. 'వొద్దురా' అంటాడనో, 'మంచిపని చేసినావు' అంటాడనో. ఆయన సాసరు కింద పెట్టి, మూతి తుడుచుకుని, "ఏసీ ఉందా దాంట్లో?" అన్నాడు.

"ఉంది."

"అయితే పదండి. ఇచ్చేసేలోపల ఒక తూరి తిరిగొద్దాం."

పెంచల నోరు తెరిచి నా వైపు చూశాడు. నేను చెప్పులేసుకున్నాను. ఆయన పదమంటే ఎక్కడికని మేము ఎప్పుడూ అడిగింది లేదు.

బయట బండి తెల్లగా మెరిసిపోతోంది. ఉస్తాద్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. టైర్లు ఒక్కొక్కటీ కాలితో తట్టి చూశాడు. గాలి సరిగ్గా ఉందో లేదో తెరలో చూపిస్తుందని పెంచల చెప్పబోయాడు, నేను మోచేత్తో పొడిచాను. ఆయనకి టైరు తట్టకుండా బండెక్కడం ఈ జన్మలో రాదు. తట్టడం అయిపోయాక ఎడం పక్క ముందు తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.

నేను వెనక కూర్చున్నాను. కూర్చుని ఆ తల వైపు చూస్తే ఒక సంగతి తట్టింది. ఉస్తాద్ ఎడం పక్క కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. అది మా సీటు. క్లీనరు సీటు.

ఇప్పటి పిల్లలకి చెబితే తెలియదు. ఆ లారీలకి ఎడం పక్క ఏముందో డ్రైవరుకి కనపడేది కాదు. ఒక చిన్న అద్దం, అదీ గుంతల్లో పడి పడి తిరిగిపోయేది. అందుకని క్లీనరు కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ, చెయ్యి తలుపు బయట పెట్టుకుని కూర్చునేవాడు. అడ్డం వస్తే రేకు మీద ఒక్క దెబ్బ. ఆగు అని. దారి ఉంటే రెండు దెబ్బలు. పోనీ అని. అంతే మా చదువు. వెనక్కి పెట్టేటప్పుడు కిందికి దిగి బాడీ మీద కొట్టేవాళ్ళం. ఎండకి రేకు కాలిపోయేది, వానకి చెయ్యి తిమ్మిరెక్కేది. ఉస్తాద్‌కి నిద్ర రాకుండా కబుర్లు చెప్పడం కూడా మా పనే. నేను చెప్పే కథలకి ఆయనకి ఇంకా నిద్రొచ్చేదని పెంచల ఇప్పటికీ ఏడిపిస్తాడు.

అబ్బ, ఏం రోజులవి. నిమ్మకాయల లోడు ఎక్కించుకుని గూడూరులో బయలుదేరితే, రెండు రోజులు ఇల్లు గుర్తొచ్చేది కాదు. ఒళ్ళంతా నిమ్మకాయ వాసన. అన్నంలో వాసన, దుప్పట్లో వాసన. పెళ్ళయిన కొత్తల్లో మా ఆవిడ ఆ వాసనకి మొహం తిప్పుకునేది. లారీ మానేశాక, ఒంటికి ఆ వాసనెందుకు పోయిందని ఆమే అడిగింది.

బండి సందు దాటి రోడ్డెక్కింది. చప్పుడే లేదు. ఉస్తాద్ కాసేపు ఆ చల్లగాలికి కళ్ళు మూసుకుని, తర్వాత అద్దం దించమన్నాడు. ఏసీ ఉందా అని అడిగిన మనిషేనా ఈయన అనుకున్నాను. పెంచల అద్దం దించాడు. ఉస్తాద్ చెయ్యి బయటపెట్టి తలుపు మీద ఆనించుకున్నాడు.

"శబ్దాలేమీ రావడం లేదే?" అన్నాడు.

"స్టార్ట్ చేయంగానే నోరు మూయించినా."

"ఓహో."

పాత ట్రంకు రోడ్డు మీదుగా పోనిమ్మన్నాడు. ఒకప్పుడు ఆ రోడ్డు రెండు పక్కలా చింతచెట్లు, వాటికి తెల్లటి సున్నపు పట్టీలు. చెట్లు పోయాయి. మా డ్రైవర్లంతా ఆగి తినే పూరీల హోటలు పోయింది, దాని జాగాలో సెల్‌ఫోన్ల షాపు. ఉస్తాద్ దాన్ని చూసి, "సుబ్బమ్మ పూరీ" అన్నాడు. నేను "ఉల్లగడ్డ కూర" అన్నాను. పెంచల "అప్పు పెట్టేది మహాతల్లి" అన్నాడు. ముగ్గురం నవ్వాం. వాడు నవ్వడం ఆ రోజు అదే మొదలు.

"ఎడం పక్క తిప్పు" అన్నాడు ఉస్తాద్.

అది పాత నిమ్మకాయల మండీ సందు. మండీని ఊరి బయటికి మార్చి చాలా కాలమైంది. షెడ్లకు తాళాలు వేసి ఉన్నాయి. సందు మొత్తానికీ ఒక్క కుక్క పడుకుని ఉంది, మమ్మల్ని చూసి లేచి పోయింది. లారీలన్నీ ఇందులోకి వెనక్కే పోవాలి. అటొక గోడ, ఇటొక గోడ, మధ్యలో లారీకి పోను చేతి వెడల్పు మిగులుతుంది. కొత్త డ్రైవర్లు ఈ సందంటే జడిసేవాళ్ళు. రెండు గోడల మీదా లారీలు గీసుకుపోయిన రంగులు ఇంకా ఉన్నాయి, నీలం, ఆకుపచ్చ, ఎరుపు. నిమ్మకాయ వాసన లేదు. ఎందుకుంటుంది? నాకు మాత్రం వచ్చింది.

"రివర్సులో లోపలికి పెట్టు" అన్నాడు ఉస్తాద్.

పెంచల గేరు వెనక్కి వేశాడు. తెర మీద వెనక సందంతా సినిమాలాగా కనపడింది.

"అది కనపడకూడదు."

నేను భుజం మీది తువ్వాలు తీసి ముందుకు వంగి ఆ తెర మీద కప్పాను. ఉస్తాద్ తలుపు తీసుకుని దిగాడు. మోకాలు నొప్పికి ఒకసారి ఆగి, బండిని పట్టుకుని నడుచుకుంటూ వెనక్కి పోయాడు. నేనూ దిగి గోడ పక్కన నిలబడ్డాను.

ఆయన అరచెయ్యి వెనక డిక్కీ మీద పడింది. రెండు దెబ్బలు.

పోనీ అని.

ఆ చప్పుడు వినగానే పెంచల మొహం చూడాలి. ఒక్కసారిగా నడుం నిటారుగా పెట్టాడు. తల కిటికీలోంచి బయటపెట్టి, ఒక చెయ్యి స్టీరింగు మీద, కళ్ళు గోడ మీద పెట్టి, వెన్న మీద పోతున్నట్టు వెనక్కి పెట్టాడు. ఏమి పనితనం! నాకు ఈలెయ్యాలనిపించింది.

ఒక్క దెబ్బ.

బండి ఠక్కున ఆగింది. పెంచల దిగి వచ్చాడు.

"ఏంది ఉస్తాద్? రాయా?"

వెనక ఏమీ లేదు. చదునైన నేల.

"ఏం లేదు. ఎక్కు."

ఎక్కాడు. రెండు దెబ్బలు. బండి కదిలింది. నాలుగడుగులు పోయిందో లేదో, మళ్ళీ ఒక్క దెబ్బ. ఆగింది. వాడు దిగాడు, వంగి చక్రాల కింద చూశాడు, గోడ చూశాడు. ఏమీ లేదు.

"ఏమో అనిపించింది అబ్బయ్యా. ఎక్కు."

మూడోసారి కూడా అంతే. నాకు ఉస్తాద్ మీద అనుమానమొచ్చింది. కళ్ళు బొత్తిగా పోయినట్టున్నాయి, మాకు చెప్పకుండా దాస్తున్నాడా అని భయమేసింది. పెంచలకీ అదే అనిపించినట్టుంది. ఈసారి దిగలేదు. కిటికీలోంచి వెనక్కి చూసి ఎంతో మెత్తగా, "పర్లేదు ఉస్తాద్, నిమ్మళంగా చూడండి. నాకేం తొందర లేదు" అన్నాడు.

ఉస్తాద్ బండిని పట్టుకుంటూ ముందుకొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మూడు తూర్లూ ఊరికే కొట్టినా. వెనకేమీ లేదు. కోపం రాలేదా?"

"మీ మీద కోపమేంది ఉస్తాద్? మీరు కొడితే ఆగడమే. ఎందుకని అడగడం నాకు తెలీదు."

ఉస్తాద్ తల ఊపాడు. ఊపి, వెనక తలుపు తీసి నా సీట్లో కూర్చున్నాడు. నేనూ ఎక్కి ఆయన పక్కన సర్దుకున్నాను.

"ముందు కూర్చోండి ఉస్తాద్" అన్నాడు పెంచల.

"అక్కడ నీ క్లీనరు ఉండాడు గదా."

పెంచలకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. పక్కనున్న ఖాళీ సీటు చూశాడు, నా తువ్వాలు కప్పిన తెర చూశాడు.

"అదా? అది క్లీనరా? క్లీనర్లంటే మేము ఉస్తాద్! ఎండకి ఎండి, వానకి తడిసి, మీ కోసం కళ్ళు పొడుచుకుని చూసినోళ్ళం. దానికేం తెలుసు? లేనిది ఉందంటుంది, ఉత్తుత్తికే కొడుతుంది. మేమెప్పుడన్నా ఇట్టా అబద్ధానికి కొట్టినామా? చెప్పరా వెంగా, కొట్టినామా?"

నన్ను అడగకుండా ఉండాల్సింది వాడు. నేను పకపకా నవ్వేశాను.

"రాపూరు ఘాటు మర్చిపోయినావా నాయనా?"



పెంచలకి అది మొదటి లోడు. నేను పాత క్లీనర్ని, వాడు కొత్త. వాడికి పని వచ్చేదాకా ఇద్దరం ఒకే బండిలో పోయేవాళ్ళం. చలికాలం, తెల్లారిన తర్వాత కూడా మంచు విడవలేదు. నిమ్మకాయల లోడుతో బండి రాపూరు ఘాటు ఎక్కుతోంది. ఎడం పక్క కిటికీలో పెంచల, వాడి పక్కన నేను, స్టీరింగు మీద ఉస్తాద్.

సగం ఎక్కాక తలుపు మీద దబ్‌మని ఒక్క దెబ్బ. ఉస్తాద్ ఆపేశాడు. ఎక్కుడులో లోడు బండి ఆపడమంటే ఏమిటో డ్రైవర్లకి చెప్పనక్కర్లేదు. నేను దూకి వెనక చక్రం కింద కట్టె దిమ్మ పెట్టాలి. మళ్ళీ కదిలించాలంటే ఇంజన్ గోలపెట్టాలి, క్లచ్చు కాలిన కంపు కొట్టాలి, బండి వెనక్కి జారకుండా అందరం దేవుళ్ళని తలుచుకోవాలి. పెంచల దిగి చూశాడు. ఏమీ లేదు, మంచులో చెట్టు నీడ. వాడు తల వంచుకుని వచ్చి నిలబడ్డాడు.

"సరే, ఎక్కు" అన్నాడు ఉస్తాద్.

మలుపు తిరిగాక ఇంకో దెబ్బ. ఈసారి మైలురాయి, దాని జాగాలో అది బుద్ధిగా ఉంది. నేను దిమ్మతో పరిగెత్తాను. "సరే, ఎక్కు." ఇంకా పైకి పోయాక మళ్ళీ దెబ్బ. పిట్టగోడ మీద కోతి కూర్చుని ఉంది, అది కూడా మమ్మల్ని చూసి ఏంట్రా ఈ గోల అన్నట్టు చూసింది. వెనక బండ్లు హారన్లు మోగిస్తున్నాయి, తిడుతున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. "కళ్ళు యాడ పెట్టుకున్నావురా?" అని పెంచల మీదికి పోయాను.

"గమ్మునుండు వెంగా" అన్నాడు ఉస్తాద్. వాడితో మాత్రం మళ్ళీ అదే మాట. "సరే, ఎక్కు."

పైకెక్కేశాం. చిట్వేలు వైపు దిగుతున్నాం. దిగుడు కాబట్టి నాకు ప్రాణం కాస్త నెమ్మదించింది. అప్పుడు తలుపు మీద మళ్ళీ దెబ్బ. అన్నిటికన్నా గట్టి దెబ్బ.

ఉస్తాద్ ఆపేశాడు. పక్కకి తిరిగి 'ఏంది' అని కూడా అడగలేదు, ముందు ఆపేశాడు. నేను తిట్టుకుంటూ వాడి మీదుగా దూకి కిందికి దిగబోయాను. పెంచల నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. కింద రోడ్డు లేదు. ఎడం పక్క అంచుని వానలు లోపల్నుంచి తినేశాయి. పైన తారు రేకులాగా మిగిలింది, దాని కింద ఖాళీ, ఖాళీ కింద లోయ. ముందు చక్రానికీ దానికీ మధ్య జానెడు నేల ఉందేమో.

ఉస్తాద్ కుడిపక్క నుంచి దిగొచ్చి చూశాడు. తర్వాత పెంచల వైపు తిరిగి, "సరే, ఎక్కు" అన్నాడు. అదే మాట, అదే గొంతు. బండిని మెల్లగా కుడి పక్కకి తీసి దిగిపోయాం.

ఇదంతా నేను మండీ సందులో పూర్తిగా చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. రాపూరు ఘాటు అనగానే ముగ్గురికీ గుర్తొచ్చింది. పెంచల స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ ఉండిపోయాడు. వాడి జుట్టంతా తెల్లబడిపోయిందని ఆ రోజే కొత్తగా చూసినట్టు చూశాను. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ తలుపుకి వేలాడిన వాడు, ఈ నెరిసిన తల వాడు ఒకడేనా అనిపించింది.

కాసేపటికి పెంచల అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాడు.

"ఉస్తాద్."

"ఆఁ."

"ఆ రోజు ఎక్కుడు పొడుగునా మిమ్మల్ని ఏడిపించినా. క్లచ్చు కాల్పించినా. వెనకోళ్ళు నోటికొచ్చినట్టు తిట్టినారు. వీడు నన్ను కొట్టబోయినాడు. మీరు ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదు ఉస్తాద్? ఇన్నేళ్ళూ అడగాలనుకుంటానే ఉండా."

ఉస్తాద్ తలుపు అద్దంలోంచి గోడ మీది రంగులు చూస్తున్నాడు. అటే చూస్తూ చెప్పాడు.

"ఎక్కుడులో తిట్టుంటే, దిగుడులో కొట్టేముందు నువ్వు ఒక తూరి ఆలోచించుండేవాడివి గదా అబ్బయ్యా."



పెంచల చెయ్యి చాపి తెర మీది తువ్వాలు తీసి, మడతపెట్టి, వెనక్కి తిరగకుండానే నాకిచ్చాడు. ఇంజన్ ఆపేశాడు. మళ్ళీ స్టార్ట్ చేశాడు. తెర వెలిగింది, దాని గుర్తులన్నీ ఒకటొకటిగా లేచాయి. నేను వాడి వేలు వైపే చూస్తున్నాను. అది స్టీరింగు మీద నుంచి కదల్లేదు.

బండి సందులోంచి బయటికి కదిలింది. గోడకి ఇంకా బోలెడంత దూరం ఉంది, అయినా కుయ్యిమంది.

పెంచల ఆపాడు. దిగి, ఎడం పక్కకి పోయి, గోడనీ చక్రాన్నీ వంగి చూసి వచ్చాడు.